తూబా వేసిన ముడులు

మా అక్క తూబా పోయినట్టేనని మా ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు, నేను తప్ప. ఊపిరి పీలుస్తున్న మనిషిని పట్టుకుని పోయిందనడం ఏమిటని అడిగితే మా అమ్మ ముక్కు చీదుకునేది. తివాచీ నేస్తూ మగ్గం ముందే కూలబడింది అక్క. మెదడుకి నెత్తురు ఆగిందన్నారు. అప్పటి నుంచి కళ్ళు తెరుచుకుని మంచం మీదే ఉంది. వేలు కదలదు, రెప్ప కూడా తన మాట వినదు.

ఆ మంచం పక్కనే కూర్చుని, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ తాగుతూ, అమ్మా, అక్క మొగుడు యదుల్లా బావా అతని రెండో పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు. పిల్ల ఎవరో కాదు, మా పిన్ని కూతురు ఎఫ్ఫత్. అక్క కూతురు గొల్నార్‌కి ఇంకా పాలపళ్ళే ఊడలేదు, తల్లి కావాలి కదా అని వాళ్ళ వాదన. అక్క చేతి గాజులు ఎఫ్ఫత్‌కి పెట్టాలని అమ్మ సబ్బు రాసి మరీ లాగింది.

"దాని ముందే ఏంటమ్మా ఇదంతా?" అన్నాను.

"వినబడితే కదే! నువ్వూ నీ పిచ్చీ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క వింటోందని రుజువు చేస్తే ఆ పెళ్ళి ఆగుతుంది. ఆ ఒక్క ఆశతో కిర్మాన్ పట్నంలో పెద్దాసుపత్రి చుట్టూ తిరిగి, మెదడు పరీక్షకి ఒప్పించాను.

డాక్టర్ షహ్లా మా అక్క తలకి తీగల టోపీ తొడిగింది. తెర మీద గీతలు పాకాయి.

"ఇదిగో మొనీర్, ఈ గీత చూడు. ఆల్ఫా అలలంటారు. చెయ్యి ఊరికే ఉన్నంతసేపూ మెదడులో ఆ చోట ఇవి నిమ్మళంగా నడుస్తాయి. చెయ్యి కదిపినా, కదపాలని మనసులో గట్టిగా అనుకున్నా చాలు, అణిగిపోతాయి."

తర్వాత అక్క వైపు వంగింది. "తూబా ఖానుమ్, కుడి పిడికిలి బిగించండి."

అల అలాగే నడిచింది. మళ్ళీ మళ్ళీ అడిగింది. ఏమీ లేదు.

"చాల్లే పదవే," అంది అమ్మ తల మీది చాదర్ సర్దుకుంటూ. "దాన్ని హింసపెట్టకు."

"పిడికిలి బిగించమంటే దానికేం తోస్తుంది? ఎప్పుడైనా ఊరికే బిగించిందా? డాక్టరమ్మా, నన్ను పాడనివ్వండి."

మగ్గం దగ్గర నాది పిలుపు, అక్కది నేత. నమూనా చూసి నేను రంగులు పాడితే, ముడి వేసి "వేశా" అని రాగంతో బదులిచ్చేది. పెళ్ళయ్యాక కూడా ఆ పని మానలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను.

"రెండు ఎరుపు ముందుకీ... ఒకటి మీగడ రంగూ... నీలం దాటి మూడు పచ్చా..."

అల అణిగిపోయింది.

ఆపాను. కాసేపటికి తిరిగొచ్చింది. మళ్ళీ పాడాను, మళ్ళీ అణిగింది. డాక్టరమ్మ జోలపాట పాడమంది. పాడాను. అల చెక్కుచెదరలేదు.

"పాటకి కాదు," అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి. "లోపల నేస్తోంది."

నేను ఏడుస్తూ నవ్వాను. అమ్మ గోడకి ఆనుకుపోయింది. "అంటే... అన్నీ విందా?"

"అన్నీనమ్మా. నువ్వు సబ్బు రాసింది కూడా తెలుసు దానికి."

అమ్మ సంచిలోంచి గాజులు తీసి మంచం దగ్గరికి పోబోయింది. డాక్టరమ్మ అడ్డుకుంది. "ఇప్పుడు చెయ్యి ముట్టుకోకండి, గీతలు తప్పుతాయి." గాజులు పట్టుకుని అమ్మ అక్కడే నిలబడిపోయింది.

బయట వరండాలో గొల్నార్ ఎఫ్ఫత్ చేత జడ వేయించుకుంటోంది. దాని నవ్వు గదిలోకి వినబడుతూనే ఉంది.

నేను అక్క చెవి దగ్గరికి వంగాను. "అక్కా, అవునంటే నేను పిలిచే రంగులు నెయ్యి. కాదంటే ఊరుకో. బావ పెళ్ళి ఆపించనా?"

పిలిచాను. అల నిమ్మళంగా నడుస్తోంది.

"అలసిపోయిందేమో," అంది డాక్టరమ్మ. "కాదన్నా, అలసిపోయినా మనకి ఒకేలా కనబడుతుంది."

అలసటే అయ్యుంటుందన్న మాటని గట్టిగా పట్టుకున్నాను. కానీ అక్క సంగతి నాకు తెలుసు. ప్రశ్న తిప్పి అడగక తప్పలేదు.

"పోనీ... జరగనివ్వనా? గొల్నార్ కోసం?" అన్నాను. "రెండు ఎరుపు ముందుకీ..."

అల ఒక్కసారిగా అణిగిపోయింది.

"ఎందుకే అక్కా!" అని మంచం పట్టె మీద తల పెట్టేశాను. ఆ తర్వాతి రంగు పిలవలేదు. ఈపాటికి అల తిరిగి రావాలి. తలెత్తి చూశాను. రాలేదు.

ఆ రంగుల వరస అక్కకి కంఠతా వచ్చు. నా పిలుపు లేకుండానే తనొక్కతే నేస్తోంది.