జపసంచీలో చూపుడు వేలు

గుంటూరు సందులో ఉండాల్సిన కరీంసాబు పూసల దుకాణం ఎందుకో కదులుతున్న రైలుపెట్టెలో ఉంది, కిటికీ పక్కన సీతారత్నం పిన్ని కూర్చుని జపం చేసుకుంటోంది, ఆవిడ పోయినవారమే చనిపోయిందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు, అయినా ఆ మాట ముందు ఎవరు అంటారా అని ఇద్దరం ఒకరినొకరం ఓరగా చూసుకుంటున్నాం.

పైన కొక్కేలకి మాలలు వేలాడుతున్నాయి, తులసివి, రుద్రాక్షలవి, ముస్లింల తస్బీలు, కొసన చిన్న శిలువ ఉన్న క్రైస్తవుల జపమాలలు, అమరావతి వచ్చే భిక్షువులు కొనుక్కెళ్ళే గంధపు పూసలు, రైలు ఊగినప్పుడల్లా అన్నీ కలిసి ఊగి, పక్కగదిలో ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి.

"ఏమే హైమా, టికెట్టు కొన్నావా?" అంటుంది పిన్ని.

గొంతు ఆవిడదే. నేను నమ్మను. నా చూపు ఆవిడ కుడిచేతి మీదే ఉంది. ఆ చెయ్యి ఎప్పటిలాగే కాషాయరంగు జపసంచీలో ఉంది, ఆవుమూతిలా వంపు తిరిగిన ఆ గుడ్డసంచీకి పక్కన ఒక రంధ్రం ఉంటుంది, మాల తిప్పే వేళ్ళు లోపల ఉంటే చూపుడు వేలు మాత్రం ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చి ఉండాలి, ఎందుకంటే అది ఎదుటివాళ్ళ తప్పులెంచే వేలు, దాన్ని పూస మీదికి రానివ్వకూడదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెప్పిన మనిషి ఈవిడ. ఇప్పుడు సంచీలోంచి ఏ వేలూ బయటికి రాలేదు.

"నీ వేలేది పిన్నీ?"

"లోపలే ఉంది. వెచ్చగా ఉంది. నీకేం?"

అయితే ఈవిడ పిన్ని కాదు. ఎవరో పిన్నిలా కూర్చుని ఉన్నారు. ఆ రోజు బాపట్లలో మంచం మీద చూసింది కూడా ఇలాంటి వేషమే, నేను తెనాలి నుంచి వెళ్ళేసరికి పిన్ని వెల్లకిలా పడుకుని ఉంది, కుడిచేతిలో తులసిమాల ఉంది, జపం చేస్తూనే పోయింది, ఎంత పుణ్యాత్మురాలో అని చుట్టాలందరూ దణ్ణాలు పెడుతున్నారు, ఆ మాల బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉందని గమనించింది నేనొక్కదాన్నే. ఆ పట్టు పిన్నిది కాదు. అది శౌరమ్మది. రెండేళ్ళుగా పిన్నిని కనిపెట్టుకుని ఉంటున్న ఫిరంగిపురం మనిషి, ప్రతి సాయంత్రం పెరటి మెట్టు మీద కూర్చుని తన శిలువ జపమాలని సరిగ్గా ఆ రెండు వేళ్ళతోనే తిప్పుకునే మనిషి. పైగా మేమెవరం రాకముందే చేతి నుంచి సంచీ లాగేసి మేకుకి తగిలించింది. ఎందుకంటే, నాడి చూడ్డానికట.

చచ్చిపోయిన చేతిలో మాల పెట్టి జపం చేస్తున్నట్టు చూపించాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? ఇవాళ నాలుగింటికి శౌరమ్మని పోలీసుస్టేషన్‌కి తీసుకెళ్తున్నాను.

"నీ పాలల్లో ఏం కలిపింది?" అని అడుగుతాను.

"పంచదార. ఎక్కువ వేస్తుంది, చెప్తే వినదు."

"మాల నీ చేతిలో ఎవరు పెట్టారు?"

"నా చేతిలో నా మాల ఇంకెవరో పెట్టేదేమిటే? నీకు పోలీసుద్యోగం ఎప్పుడొచ్చింది?"

ఇలా నవ్వులాటలోకి దింపడం నేరస్థుల పద్ధతి. నేను కరీంసాబు వైపు తిరుగుతాను, ఆయన మాకు వీపు పెట్టి దారానికి మైనం రాస్తున్నాడు, పిన్ని మాల తెగినప్పుడల్లా గుచ్చి ఇచ్చింది ఆయనే కనుక ఆయనకి ఏదో తెలిసే ఉండాలి.

"సాబుగారూ, మీ తస్బీకి చూపుడు వేలు వాడొచ్చా?"

"మాకేం అడ్డు లేదమ్మా. కానీ ఎవరి వేలు ఏం చేసిందని మాత్రం నన్నడక్కండి. నా పని దారం వరకే."

ఆయన ఇటు తిరిగితే మొహం కరీంసాబుది కాదు, పిన్నికి సర్టిఫికెట్ రాసిచ్చిన డాక్టరుది, మీరందరూ ఒకటేనా అని నేను అరవబోయేసరికి రైలు ఆగకుండానే ఆగిపోయి, పెట్టె గోడలు సున్నం గోడలై, నేనూ పిన్నీ పెరటి మెట్టు మీద పక్కపక్కన కూర్చుని ఉన్నాం, ఎక్కడో గుడ్డలోంచి సూది దిగుతున్న చిన్న చప్పుడు వస్తోంది.

"శౌరమ్మకి ఒక మాట చెబుదామనుకుని చెప్పకుండానే వచ్చేశానే," అంటుంది పిన్ని.

దొరికింది. నేను ఆవిడ భుజం పట్టుకుంటాను. "ఏం చేసింది? చెప్పు!"

"తప్పే చేసింది. నా సంచీ విషయంలో. కళ్ళజోడు కూడా లేకుండా వంగి కూర్చుని చేసింది పాపం, అంత మంచి తప్పుని ఏమని తిట్టను? రోజూ చెబుదామనుకోవడం, దాని మొహం చూసి ఊరుకోవడం. చివరికి రాముడికే చెప్పుకున్నాను, ఈ కొద్దిరోజులకీ నువ్వే సర్దుకోవయ్యా అని."

"ఏమిటా తప్పు?"

"చెయ్యి పెట్టి చూడు."

సంచీ నా ముందుకొస్తుంది, దాని మూతి నోరులా తెరుచుకుని ఉంది, ఇది ఉచ్చేమోనని తెలిసి కూడా నేను చెయ్యి లోపల పెడతాను, బొటనవేలు పూసల్ని తాకుతుంది, నడిమివేలు తాకుతుంది, చూపుడు వేలు బయటికి దారి వెతుక్కుంటుంది, ఎటు జరిపినా గుడ్డే, ఎటు నెట్టినా గోడే, ఆ చీకట్లో ఎవరివో వేళ్ళు నా వేళ్ళని మెల్లగా పట్టుకుంటాయి.

కెవ్వుమని లేచాను.

కరెంటు పోయి ఫ్యాను ఆగింది, మెడంతా చెమట. మధ్యాహ్నం ఎండ పిన్ని గది కిటికీలోంచి ఎదురుగోడ మీద పడుతోంది, ఆ గోడకే మేకుకి జపసంచీ వేలాడుతోంది. ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు.

లేచి తీశాను. చిన్నప్పుడు పిన్ని నేర్పినట్టే కుడిచెయ్యి లోపల పెట్టాను. చూపుడు వేలు అలవాటుగా రంధ్రం దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

రంధ్రం లేదు. అది ఉండాల్సిన చోట నీలిదారంతో దగ్గరదగ్గరగా, పొందికగా వేసిన కుట్లు ఉన్నాయి.

"శౌరమ్మా!"

చేతిసంచీలో బట్టలు సర్దుకుని, స్టేషన్‌కి రావడానికి తయారై గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇది నువ్వు కుట్టావా?"

ఆమె దగ్గరకొచ్చి, కళ్ళు చిట్లించి చూసింది. "ఔనమ్మా. చిరుగు పడింది గదా, ఏలు బయటికొచ్చేస్తా ఉంటే, అప్పుడు చలికాలం, అమ్మగారికి చల్లంగా ఉంటదని కుట్టా. చూసి శానాసేపు నవ్వారు. ఎందుకో చెప్పలా." కుట్లు తడిమి, భయంగా అడిగింది. "వంకర పోయిందా?"

"లేదు."

"టైమైంది. పోదామా అమ్మా?"

"ఆ బట్టలు లోపల పెట్టు."

ఆమె కదల్లేదు, నన్ను నమ్మలేనట్టు చూస్తూ నిలబడింది. నేను సంచీలోంచి చెయ్యి తీయలేదు. నా చూపుడు వేలు లోపలే ఉంది. వెచ్చగా ఉంది.