వంటింటి గోడ పక్క పీచ్ చెట్టు

పిట్టకు మూడు నెలలప్పుడు వాళ్ళమ్మ పోయింది. తండ్రి లిఫ్టులు బిగించే మెకానిక్కు. ఇవాళ ఈ ఊరు, రేపు ఇంకో ఊరు. పొత్తిళ్ళలో బిడ్డను పట్టుకుని తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. "కొన్నాళ్ళే అక్కా, నేను కాస్త కుదుటపడేదాకా," అన్నాడు. ఆ కొన్నాళ్ళు ఆరేళ్ళయ్యాయి.

అక్క పెళ్ళి చేసుకోలేదు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని, ఫ్రేములకు సరిపడేలా అద్దాల అంచులు అరగదీయడం ఆమె పని. సాయంత్రం ఇల్లు చేరేసరికి కనుబొమల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. పిల్లకు మాటలు వచ్చాక ఉత్త 'అత్త'తో సరిపెట్టుకోలేదు. 'అద్దాలత్తా' అని పిలిచింది. ఆ పిలుపు వీధంతా అంటుకుంది. పిల్లను ఆమె పిట్ట అంది. తినేది గుప్పెడు, వాగేది గంపెడు. మరేమంటుంది?

ఐదేళ్ళ పిట్ట ఒకరోజు పెరటి మెట్ల మీద కూర్చుని పీచ్ పండు తిని, గింజను చప్పరించి చప్పరించి అడిగింది. "దీన్ని పాతితే చెట్టొస్తుందా?"

పక్కింట్లో రిటైరైన బస్సు కండక్టరు ఉండేవాడు. అద్దాలత్తకు ఆయన వరసకు ఏమీ కాడు, పిలుపుకు మాత్రం బాబాయ్. అడగని సలహా ఇవ్వకపోతే ఆయనకు అన్నం సయించదు. గోడ మీంచి తల పెట్టి, "పాతగానే రాదే పిట్టా. ముందు చలికాలం చూపించాలి. చలి తగలందే నిద్ర లేవని మొండిఘటం అది," అన్నాడు.

గింజను తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల కింద దాచారు. పిట్ట రోజూ పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తెరిచి చూసేది. చలి తగ్గేవేళకు గింజ పగిలి, తెల్లటి వేరు తొంగిచూసింది. ఎండ బాగా పడే చోటు చూసి, వంటింటి గోడకు నాలుగడుగుల దూరంలో ఇద్దరూ కలిసి నాటారు. ఏడాది తిరిగేసరికి మొక్క పిట్ట నడుము దాకా వచ్చింది.

అప్పుడే తమ్ముడికి మళ్ళీ పెళ్ళి కుదిరింది. అమ్మాయి బడిలో లెక్కలు చెప్పే టీచరు. మంచిది, నెమ్మదస్తురాలు, అద్దాలత్తకు పెళ్ళిలోనే తెలిసిపోయింది. వంక పెట్టడానికి ఏమైనా ఉంటే బాగుండునని కూడా అనిపించింది, లోలోపల. పెళ్ళైన నెలకు తమ్ముడు కారు మాట్లాడుకుని వచ్చాడు, కూతుర్ని తీసుకెళ్ళడానికి. కన్నబిడ్డను తండ్రి తీసుకెళ్తానంటే ఎవరేమంటారు? బట్టలన్నీ మడతపెట్టి ఇచ్చింది. పిట్ట కారు కిటికీలోంచి మెడ చాచి అడిగింది.

"అద్దాలత్తా, నువ్వు వెనకాల బస్సులో వస్తావుగా?"

"వస్తా," అంది.

ఆ ఒక్క మాట ఆమెను చాలా ఏళ్ళు నిలవనీయలేదు.

మొదట్లో రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. ఒకరోజు తమ్ముడు గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. అన్నం ముట్టడం లేదు. కొన్నాళ్ళు ఆగు. ఇక్కడ అలవాటు పడనీ."

తమ్ముడి కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆమెకు తెలియనిది కాదు. అయినా ఆగింది. పిల్ల ఏడుస్తుందంటే ఏం చేస్తుంది? ఎప్పుడైనా తమ్ముడే చేసేవాడు. "బాగుంది అక్కా, బడికి వెళ్తోంది, ఇప్పుడు నిద్రపోతోంది" అనేవాడు. ఎప్పుడు చేసినా పిల్ల నిద్రలోనే ఉండేది.

షాపులో ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. పిట్ట ఈడు ఆడపిల్ల ఎవరైనా కళ్ళజోడు కోసం వస్తే, వెనక గదిలోంచి లేచి వచ్చేది. ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో చూసే నెపంతో, ఆ పిల్ల చెవుల వెనక వేళ్ళు పెట్టి కాడలు సవరించేది. ఏడేళ్ళ పిల్లలు, తర్వాతి ఏడు ఎనిమిదేళ్ళ పిల్లలు, ఆ తర్వాత తొమ్మిది. చెవుల వెనక వెచ్చదనం మాత్రం అందరిదీ ఒకటే. షాపు ఓనరు చూసి కూడా ఏమీ అనేవాడు కాదు.

చెట్టు మాత్రం దాని పాటికి అది పెరిగింది. నాలుగో ఏడు, ఇంకా ఒక్క ఆకైనా వేయకముందే, బోడి కొమ్మల నిండా గులాబీ రంగు పూలు విరగబూసింది. అద్దాలత్త ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్ళింది. ఫోటో తీసి తమ్ముడికి పంపింది. 'బాగుంది అక్కా' అని జవాబు వచ్చింది, అంతే. పిల్లకు చూపించాడో లేదో అడగడానికి నోరు రాలేదు.

ఆ వేసవి కాయలు గుత్తులు గుత్తులుగా పట్టాయి. అన్నీ ఉంచింది. ఒక్కటి తెంపడానికి కూడా చెయ్యి రాలేదు. ఒక మధ్యాహ్నం గాలి లేదు, వాన లేదు, ఫెళ్ళుమని పెద్ద కొమ్మ బెరడుతో సహా చీలి కింద పడింది.

కండక్టరు బాబాయ్ గోడ దగ్గరికి వచ్చాడు. "నేను చెప్పలేదా? లేత కాయలప్పుడే పలచన చెయ్యమన్నానా లేదా? కాయకీ కాయకీ జానెడు ఎడం ఉండాలి. ఓవర్‌లోడైతే బస్సైనా కూలబడుతుంది."

"ఏరి పారేయడానికి మనసొప్పలేదు బాబాయ్."

"మనసొప్పక కొమ్మే పోగొట్టుకున్నావు."

ఆయన చెప్పేవన్నీ నిజం కావు. మరుసటి ఏడు ఆకులు ఎర్రబారి, బొబ్బలెక్కి ముడుచుకుపోతే, ఆయన మాట విని బూడిద చల్లింది. చెట్టు బూడిద పూసుకున్న సన్యాసిలా తయారైంది కానీ ముడత పోలేదు. చివరికి విత్తనాల కొట్టులో అడిగితే, మొగ్గలు ఉబ్బకముందే చలికాలం చివర్లో రాగి మందు కొట్టాలని చెప్పారు. అలాగే చేసింది, తగ్గింది. నెమ్మదిగా చెట్టు తీరు ఆమెకు తెలిసొచ్చింది. కిందటేడు వేసిన రెమ్మకే ఈ ఏడు కాయ వస్తుంది కాబట్టి ఏటా కత్తిరించాలి. నడిమి కొమ్మలు తీసేసి, దోసిలి పట్టినట్టు పైకి తెరిచి ఉంచాలి, ఎండ లోపలికి దిగేలా. చెట్టు మొదలు దగ్గర జిగురు కారితే పురుగు తొలుస్తోందని అర్థం. సన్నటి తీగతో గెలికి బయటికి లాగాలి. అద్దాల అంచు పట్టే చేతికి ఆ పని బాగా కుదిరింది.

పలచన చేసే రోజులు మాత్రం ఆమెకు ఎప్పుడూ కష్టమే. బాదంకాయంత లేత కాయలు, ఒళ్ళంతా నూగు. ఒకటి ఉంచి రెండు తుంచాలి. తుంచుతున్నంతసేపూ ఏదో ఒకటి తలపుకొచ్చేది. చెట్టు కిటికీ అంచు దాటిన ఏడు, పిల్ల నా భుజం దాకా వచ్చుంటుందిలే అనుకుంది. కప్పు అంచు తాకిన ఏడు, జుట్టు పొడుగ్గా పెంచుకుందో కత్తిరించుకుందో అనుకుంది. పళ్ళు పండాక వీధంతా పంచేది. వీధంతా తినేది. ఆమెకు మాత్రం గొంతు దిగేవి కావు.

పిట్టకు పద్నాలుగు నిండిన ఏడు, కాయలు పలచన చేయాల్సిన వారంలో, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"వదినా, నేను." పెళ్ళిలో విన్న గొంతే. "పిట్టకు సెలవులు. రెండు రోజులు మీ దగ్గరికి వస్తానంటోంది. పంపనా? మీకు ఓపిక ఉంటేనే. ఇబ్బందైతే చెప్పెయ్యండి."

"ఓపికా? నాకు ఓపిక లేదని ఎవరన్నారు?"

"ఈయనే చెప్పారు వదినా. పిల్లను పెంచి పెంచి మీరు అలిసిపోయారని. ఇక ఫోన్లు కూడా వద్దన్నారని."

అద్దాలత్త స్టూలు లాక్కుని కూర్చుంది. "నాతో పిల్ల ఏడుస్తోందన్నాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోందని."

"ఏడ్చేది వదినా," అంది మరదలు మెల్లగా. "మీ ఫోన్ రావడం లేదని ఏడ్చేది."

పిట్ట రైలు దిగింది. అత్త కంటే ఎత్తు. ముఖాన కళ్ళజోడు. ఈ పిల్లకు చూపు ఎప్పుడు తగ్గింది? ఎవరు చూపించారు? ఈ అద్దాలు ఎవరు కోశారు? ఇల్లు చేరాక మొదట ఆ కళ్ళజోడే అడిగి తీసుకుంది.

"ఎవడే దీన్ని బిగించింది? ఎడమ కాడ వంకర. తలనొప్పి రావడం లేదూ?"

"వస్తుంది. లెక్కల వల్లేమో అనుకున్నా. అమ్మ కూడా అలాగే అంది."

కాడ వేడి చేసి వంచి, పిల్ల చెవుల వెనక పెట్టి సరిచూసింది. వేళ్ళు తీయడానికి కాస్త ఆలస్యమైంది. పిట్ట కదలకుండా నిలబడింది.

పెరట్లోకి తీసుకెళ్ళి చెట్టు చూపించింది. ఏళ్ళ తరబడి ఈ క్షణాన్ని ఎన్ని రకాలుగా ఊహించుకుందో!

"నువ్వు నాటిందే."

"నేనా?" పిట్ట చెట్టును కిందికీ పైకీ చూసింది. "ఎప్పుడు?"

"ఐదేళ్ళప్పుడు. రోజూ ఫ్రిజ్ తెరిచి చూసేదానివి."

పిల్ల పాపం గట్టిగా ప్రయత్నించింది. నుదురు ముడిచింది, కళ్ళు మూసుకుంది. "గుర్తు లేదు అత్తా. సారీ."

పరాయివాళ్ళకు చెప్పినట్టు సారీ. ఉత్త అత్త. అద్దాలత్త నవ్వి, "సర్లే, చెట్టుకు మాత్రం గుర్తుందా ఏంటి? రా, పనుంది," అని స్టూలు వేసింది.

ఒకటి ఉంచి రెండు తుంచమంటే పిట్ట మొదట ఒప్పుకోలేదు. "పాపం కాదా? బతికున్నవే కదా!" అంది. కొమ్మ చీలిన కథ విన్నాక మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు, నోరూ ఆగలేదు. బడి, దెబ్బలాడి మళ్ళీ కలిసిపోయిన స్నేహితురాలు, ఇంట్లోనూ లెక్కలు వదలని అమ్మ. ఆ అమ్మే మధ్యలో ఫోన్ చేసింది. "అమ్మా, నేనిప్పుడు హత్యలు చేస్తున్నా, తర్వాత చేస్తా," అని పకపకా నవ్వింది పిట్ట. ఆ అమ్మా అనే పిలుపులో ఎక్కడా అతుకు లేదు. పిల్లకు ఏ లోటూ జరగలేదని అద్దాలత్తకు ఆ నవ్వు విన్నాకే నమ్మకం కలిగింది. దేవుడా, ఇంతే కదా కోరుకున్నాను, అనుకుంది. అనుకుంటూనే పైకొమ్మ అందుకునే నెపంతో అటు తిరిగింది.

రెండు రోజులు చిటికెలో గడిచాయి. పండేసరికి బడి తెరిచేస్తారని పిట్ట గొణుక్కుంటూ రైలెక్కింది.

కాయల ఆకుపచ్చలోంచి పసుపు తేలి, పెరడంతా వాసన కమ్ముకున్న రోజున, అద్దాలత్త షాపుకు సెలవు పెట్టింది. పీచ్ పండు ప్రయాణానికి ఓర్చదు. వేలు గట్టిగా ఆనితే కమిలిపోతుంది. అద్దాలు తెచ్చే అట్టపెట్టెల్లో దూది పరిచి, ఒక్కొక్క పండునూ విడివిడిగా పెట్టింది. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ రావద్దని కూడా అనలేదు కదా, ఆగమన్నది వాడొక్కడే, అనుకుని రైలెక్కి కూర్చుంది.

తలుపు తీసిన మరదలు ఆమెనూ చేతిలో పెట్టెలనూ చూసి, "రండి వదినా," అని పెట్టెలు అందుకుంది. పిట్ట ఇంకా బడి నుంచి రాలేదు. తమ్ముడు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. జుట్టు నెరిసింది. అక్కను చూసి లేచి నిలబడ్డాడు, తల ఎత్తలేదు.

రైల్లో దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఆమెకు అక్కరకు రాలేదు. "ఎందుకురా?" అంది.

"పిలిస్తే నా దగ్గరికి వచ్చేది కాదక్కా. తలుపు చాటున నిలబడి నీ పేరే పిలిచేది. ఎన్నడూ నాది కాకుండా పోతుందేమోనని..." ఆగాడు. "తర్వాత నిజం చెబుదామంటే మొహం చెల్లలేదు."

"అడిగుంటే నేనే నచ్చజెప్పి పంపేదాన్ని కదరా."

"నువ్వు పంపుతావు. అది ఉండాలిగా."

అది నిజమే. అయినా ఆమె క్షమించానని అనలేదు. మరదలు మంచినీళ్ళ గ్లాసు ఇస్తే మొత్తం తాగేసింది.

సాయంత్రం పిట్ట వచ్చింది. సంచీ గుమ్మంలోనే పారేసి, "అత్తా!" అని అరిచి వచ్చి వాటేసుకుంది. సింకు దగ్గరే నిలబడి వరసగా మూడు పళ్ళు తినేసింది. "గింజ దగ్గర కాస్త పులుపు," అని తీర్పు చెప్పి నాలుగోది అందుకుంది. ఆ మూడింటి గింజలూ ఆలోచన లేకుండా చెత్తబుట్టలో వేసింది.

అద్దాలత్త వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిల్లనే చూస్తోంది. ఈ పిల్ల మీద ప్రేమ అప్పుడే పుట్టుకొచ్చింది, అందులో సందేహం లేదు. కానీ ఇన్నేళ్ళూ తను ఎదురుచూసింది కారు కిటికీలోంచి మెడ చాచిన ఆరేళ్ళ పిల్ల కోసం. ఆ పిల్ల ఇక్కడా లేదు, అక్కడా లేదు. ఏ రైలెక్కి వెళ్ళినా ఆ పిల్ల ఇక దొరకదు. ఈ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు, ఇప్పుడు తట్టింది.

"ఎన్నాళ్ళుంటారు వదినా?" మరదలు అడిగింది.

"రేపే బయల్దేరాలమ్మా. చెట్టు మీద ఇంకా సగం పళ్ళున్నాయి. రాలిపోతాయి."

"రాలనీ అత్తా," అంది పిట్ట నోటి నిండా పండు పెట్టుకుని.

అద్దాలత్త ఫోన్ తీసి కండక్టరు బాబాయ్‌కి చేసింది.

"బాబాయ్, పళ్ళు మీరే కోసుకోండి. నేను ఆదివారం దాకా రాను."

"నేనా? ఈ మోకాళ్ళతో స్టూలెక్కనా?" అటునుంచి కేక వినిపించింది.

"ఎక్కద్దు. అందినవి కోసుకోండి చాలు," అని, తడి కళ్ళు పమిటతో తుడుచుకుని, ఫోన్ బల్ల మీద పెట్టింది.