జేబులకి కుట్టిన చేతులు

సాయంత్రం కరెంటు పోగానే ఇరుగుపొరుగు కేకేస్తారు. "దర్జీ అక్కా, పిల్లని కూచోబెట్టు!"

దర్జీ కూతురికి ఇరవై రెండేళ్లు. ఆటిజం, పుట్టినప్పట్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు. కళ్లు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ చేతులు గాల్లో ఆడిస్తుంది. అంతే, కరెంటు లేకుండానే వీధిలో బల్బులన్నీ వెలుగుతాయి. ఆ వెలుగులో తల్లి కాజాలు కుడుతుంది, ఎదురింటాయన పేపరు చదువుతాడు. ఆ వీధిలో ఎవరింట్లోనూ కొవ్వొత్తి లేదు. అవసరం ఎప్పుడొచ్చింది గనక!

వీధి చివరి ప్రార్థన హాల్లో మాత్రం ఆ చేతులు పనికిరావు.

"అందరి దృష్టీ చెదురుతోందమ్మా," అన్నాడు హాలు పెద్దాయన. "అయినా దానికి దేవుడంటే ఏం తెలుసు, పాపం!"

తల్లికి తల కొట్టేసినట్టయింది. పనిమంతురాలు కదా, ఉపాయం ఆలోచించింది. కూతురికి ఓ చొక్కా కుట్టి, దాని చేతుల అంచుల్ని జేబులకి కలిపి కుట్టేసింది. గట్టి దారం, దగ్గర దగ్గరగా కుట్లు. మూడేళ్లపాటు ప్రతి వారం ఆ చొక్కాలోనే హాలుకి తీసుకెళ్లింది. "ఎంత బుద్ధిగా కూర్చుందో!" అని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా.

ఇంట్లోనూ ఆ చేతులు ఆడటం తగ్గింది. బల్బులు మసకబారాయి. వోల్టేజీ తగ్గిందనుకున్నారు జనం.

అప్పుడొక టీచరు అక్షరాల అట్ట తెచ్చి, వేలితో చూపించడం నేర్పింది. ఎవరి సాయమూ లేకుండా ఆ అమ్మాయి చూపించిన మొదటి వాక్యం ఇది: "నేను దేవుడితో చేతులతో మాట్లాడతాను. అమ్మ నా నోరు కుట్టేసింది."

తల్లి ఏడుస్తూనే కుట్లు విప్పింది. ఆ సాయంత్రమే కూతుర్నీ, అట్టనీ తీసుకుని హాలుకి పరిగెత్తి, ఆ వాక్యం చెప్పింది.

"టీచరు నేర్పిన చిలకపలుకులమ్మా అవి," అని నవ్వాడు పెద్దాయన. నవ్వు పూర్తికాకుండానే కరెంటు పోయింది. "ఏదీ, ఓసారి చేతులాడించమను," అన్నాడు ఏమాత్రం సిగ్గులేకుండా.

అమ్మాయి చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఆడించు తల్లీ, ఇప్పుడెవరూ ఆపరు," అని బతిమాలింది తల్లి.

కిటికీలో మిగిలిన కాస్త వెలుతురులో వేలు అట్ట మీద కదిలింది. "దేవుడితో లోపలే మాట్లాడుకోవడం నేర్చుకున్నాను. అక్కడ ఎవరూ కుట్టలేరు."

అందరూ గోడలు తడుముకుంటూ ఇళ్లకి పోయారు. ఇంట్లో తల్లి మిషను పక్కన కూలబడింది. చేతిలో సూది ఉంది, దారం ఎక్కించడానికి బెజ్జం కంటికి ఆనడం లేదు. కూతురు ఎవరి మాటకో చిన్నగా నవ్వింది.

"ఏమంటున్నాడే?" అని అడిగింది తల్లి.

కూతురు అట్ట అందుకుంది. వేలు ఒక్కో అక్షరం మీదా తట్టిన చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ చీకట్లో తల్లికి ఒక్క అక్షరమూ కనిపించలేదు.