అక్క కట్టిన తాడు

నాన్న వదిలి వెళ్ళిన కూరగాయల తోట ముక్కకి నడిమధ్యన మేకులు దిగ్గొట్టి తాడు కట్టింది మా అక్క. "ఇటు నీది, అటు నాది" అంది. అదే మా ఆఖరి మాట. అప్పట్నుంచీ తాడుకి చెరోవైపూ వంగి కలుపు తీస్తున్నాం, మొహాలు చూసుకోకుండా. మొండితనంలో నేనేం తక్కువ తినలేదు.

నిరుడు రెండువైపులా క్యాబేజీ పోయింది. పీకితే వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. ముక్కలు కౌలుకిచ్చే తోటల సంఘం సూపర్‌వైజర్ చూసి, "ఇది వేళ్ళకొచ్చే తెగులు. సున్నం చల్లండి, పంట మార్చండి. మళ్ళీ కనిపిస్తే ముక్క వెనక్కి తీసుకుంటాం" అని తెగేసి చెప్పాడు.

ఊరుకుంటానా? ముక్కుకి గుడ్డ కట్టుకుని సున్నం చల్లాను, మట్టి తిరగేశాను, క్యాబేజీ మానేసి ముల్లంగి వేశాను. అక్క కూడా సున్నం చల్లి చిక్కుడు పెట్టింది. నాకు చిక్కుడంటే చిన్నప్పట్నుంచీ గిట్టదు. నన్ను ఏడిపించడానికే వేసిందనుకున్నాను.

ఇవాళ పొద్దున్నే సూపర్‌వైజర్ దిగాడు. నాన్న పార ఇంకా షెడ్డులోనే ఉంది. ఈ ముక్క పోతే నాన్న రెండోసారి పోయినట్టే.

ముందు అక్క చిక్కుడు మొక్క పీకాడు. వేళ్ళనిండా చిన్న చిన్న బుడిపెలు! అక్కవైపూ తెగులే అనుకున్నాను.

"ఇవి చిక్కుడుకి ఉండేవే, నేలకి బలం" అన్నాడతను.

తర్వాత నా ముల్లంగి పీకాడు. కింద వేళ్ళకి పిడికెడంత వాపు.

"ముల్లంగి ఎందుకేశారమ్మా? ఇదీ క్యాబేజీ కుటుంబమే."

"అదేంటండీ, ఇది దుంప కదా!"

"దుంపైతేనేం, వంశం ఒకటే. సున్నం ఒక్కటే చాలదు."

ఛీ, నా మొహానికి పంట మార్చడం కూడానా! దొంగని తరిమేసి వాడి తమ్ముణ్ణి ఇంట్లో పెట్టుకున్నాను.

అతను అక్కవైపు తిరిగాడు. "మీ సగం ఉంచుకోండి. ఈవిడ ఖాళీ చెయ్యాలి."

"ఇంకో దారి లేదా?" అని బతిమాలాను.

"ఒకటుంది. ఆ మట్టిలో ఏళ్ళ తరబడి ఈ కుటుంబం మొక్కలు పెట్టకూడదు. సగం ముక్కలో అది కుదరదు, రెండూ కలిపి పంటలు తిప్పుకోవాలి. పూచీ కూడా ఇద్దరిదీ. మళ్ళీ తెగులొస్తే మొత్తం పోతుంది."

అక్క ఎందుకు ఒప్పుకుంటుంది? దాని సగం భద్రంగా ఉంది. దాని స్థానంలో నేనుంటే తాడు ఇంకో బారెడు ఇవతలికి జరుపుకునేదాన్నేమో. తలుచుకుంటే సిగ్గేసింది. అతను గేటు వైపు చూస్తున్నాడు.

అక్క వంగి ఓ మేకు ఊడబెరికింది. తర్వాత ఇంకోటి. తాడు చేతికి చుట్టుకుంటూ, "చిక్కుడు పాకించడానికి తాడు చాల్లేదండీ" అంది అతనితో. అతను తలూపి వెళ్ళిపోయాడు.

అక్క నా వైపు తిరిగింది.

"గుడ్లప్పగించి చూస్తావేంటే? ఆ ముల్లంగంతా పీకి తగలెయ్యి. చిక్కుడు గింజలు నా దగ్గరున్నాయి. నీకు గిట్టదని తెలుసు, అయినా చచ్చినట్టు తింటావ్."

"తింటానక్కా" అన్నాను, ముక్కు చీదుకుంటూ.