అద్దంలో కనిపించని పడవ

ధవళేశ్వరం నుంచి సామర్లకోట దాకా కాలువ మీద నా పడవంత మంచి పడవ లేదు. నలభై ఏళ్ళలో అది మరో పడవకి వెంట్రుకవాసి కూడా రాసుకోలేదు. బుల్లియ్య పడవ వస్తోందంటే మిగతా పడవలే కాదు, కాలువలో చేపలు కూడా ఒక పక్కకి ఒదిగి దారిచ్చేవి.

ఆ నలభై ఏళ్ళకి ముందు రెండేళ్ళ సంగతి మాత్రం వేరు. అది మా ఆవిడ వీరవేణి కథ. ఆవిడ మనసులో మాట నాకెలా తెలుసంటారా? ఆవిడే చెప్పింది. నేను విననట్టు మొహం పెట్టి అంతా విన్నాను.

వీరవేణి కాపురానికి వచ్చింది ఇంటికి కాదు, పడవకి. నేను చుక్కాని పట్టుకుని కూర్చునేవాణ్ణి కాబట్టి సరంగుని. ఆవిడ తెల్లారకుండా లేచి పడవ అడుగున ఊరిన నీళ్ళు తోడి, తాళ్ళ చిక్కులు తీసి, తాటాకు గూడు కింద నలుగురికి వండి, వండుతున్నంతసేపూ వెనక ఏ పడవ వస్తోందో చూసి చెప్పాలి. సరంగు మెడ తిప్పకూడదు. తిప్పితే బెదిరాడంటారు. అందుకని వెనక్కి చూడటం ఆడవాళ్ళ పని. పని అన్నానా? పొరపాటు. అది పనుల్లో జమ కాదు. "కూర్చున్నచోట కూర్చుని చూడ్డానికి కూడా బద్ధకమేంటే నీకు?" అనేది పడవలో మాతోనే ఉండే మా అమ్మ పెద్దింట్లమ్మ. కూర మాడితే దిక్కులు చూస్తూ మాడ్చిందనేవాళ్ళం. పడవ తగిలితే పొయ్యిలో తల పెట్టుకుని చూడలేదనేవాళ్ళం. రెండు కళ్ళూ రెండు చోట్ల పెట్టమంటున్నారు, రెండు చోట్లా తప్పు నాదే అంటున్నారు, మరి ఈ చుక్కాని పట్టుకున్నాయన కళ్ళు దేనికున్నట్టు? అని ఆవిడ లోపల అనుకునేదట. పైకి మాత్రం "కుడిపక్క పడవొస్తంది" అనేది.

అలా అన్న ఒక రోజే నేను వినక, సున్నం మోసే పడవకి మా పడవని తగిలించాను. పడవ ఆసామి పల్లంరాజు గారు అడిగితే, "మా ఆడది చెప్పలేదండి" అన్నాను. ఆవిడ గిన్నె తోముతూ తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆ చూపుకంటే గిన్నె విసిరినా బాగుండేది.

"ఇంకొక్కసారి తగిలిందా, పడవ వేరేవాడికి ఇచ్చేస్తాను. తర్వాత కాలువగట్టు మీద కాపురం పెట్టుకోండి" అన్నారు రాజు గారు.

అప్పుడు నాకు మహా గొప్ప ఆలోచన వచ్చింది. వీరవేణి దగ్గర ఒక ఇత్తడి చట్రం అద్దం ఉండేది, వాళ్ళమ్మ పెద్దాపురం మరిడమ్మ జాతరలో కొనిచ్చింది. ఆవిడ అందులో చూసుకుని బొట్టు పెట్టుకుంటే మా అమ్మ, "మొహం చూసుకోవడానికి ఇంత కాలువ చాలదా?" అని దెప్పేది. ఆ అద్దాన్నే నేను తీసి, ఎదురుగా వెదురుబొంగుకి కట్టాను. ఇక మెడ తిప్పకుండా వెనకంతా కనబడుతుంది! "నా కొడుకు బుర్రే బుర్ర!" అంది అమ్మ. తన చేతిలో సోకైన అద్దం మొగుడి చేతిలోకి వెళ్ళేసరికి విద్య ఎలా అయిందో వీరవేణికి అర్థం కాలేదు. అడిగితే ఇచ్చేది. అడగలేదన్నదే ఆవిడ బాధ.

కానీ ఆ అద్దం గుట్టు ఆవిడకి ముందే తెలుసు. జడ వేసుకుంటున్నప్పుడు అందులో గూడు కనిపించేది, దూరాన గట్టు కనిపించేది, భుజం పక్కనే నిలబడిన అత్తగారు మాత్రం నోరు విప్పేదాకా కనిపించేది కాదు.

"దూరంగా ఉన్నది చూపిద్ది గానీ, పక్కకొచ్చేసినదాన్ని దాచేత్తది. ఓసారి మెడ తిప్పి చూడయ్యా" అంది నాతో.

"సరంగుకి నువ్వు నేర్పుతావేంటే?" అన్నాను.

ఆషాఢంలో, కాలువకి కొత్తనీరు వచ్చిన వారంలో, బియ్యం బస్తాలతో సామర్లకోట వెళుతున్నాం. బస్తాల మీద పల్లంరాజు గారే కూర్చున్నారు. పడమటి గాలికి తెరచాప పొంగి పడవ పరుగెడుతోంది. ముందు ఇటుకల పడవ ఒకటి నత్తలా పోతోంది. దాన్ని దాటాలంటే కుడికి, కాలువ నడిమికి తిప్పాలి. అద్దంలో చూశాను. నీళ్ళు, ఆకాశం, అంతే.

"తిప్పకు! పక్కనే పడవుంది!" అని అరిచింది వీరవేణి.

"అద్దంలో ఏమీ లేదే!"

"అద్దంలో లేకపోతే కాలువలో లేనట్టేనా?"

"ఆ ఆడదాని నోరు మూయించరా బుల్లియ్యా" అన్నారు రాజు గారు పైనుంచి.

నేను తిప్పాను. ఆవిడ గరిటె పారేసి, పొయ్యి దాటి వచ్చి, నన్ను భుజంతో నెట్టి, చుక్కాని కర్రని రెండు చేతులా పట్టి వెనక్కి లాగింది. ఎప్పుడూ ముట్టనివ్వని కర్ర. దాని బరువు ఇంతేనా అనిపించిందట ఆవిడకి. ఇంతదానికా ఇంత మీసం!

మా పడవ మూలుగుతూ ఎడమకి ఒరిగింది. కుడిపక్కన, నా మోచేతికి బారెడు దూరంలో, మరిడమ్మ జాతరకి వెళ్ళే జనంతో నిండిన పడవ దూసుకుపోయింది. చంటిపిల్లలు, ముంతలు, కోళ్ళు, పసుపు రాసుకున్న ఆడవాళ్ళు. తగిలుంటే? ఆ మాట ఇప్పటికీ నేను తలుచుకోను.

కాలువ నీటిని తలుపులతో ఆపే లాకు దగ్గర, ఆ తలుపులు తెరిచేదాకా మా పడవా, జాతర పడవా ఆగాయి. చుక్కాని ఇంకా వీరవేణి చేతిలోనే ఉంది. లాకు గుమస్తా పుస్తకం పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు.

"సరంగు పేరు?"

ఎప్పుడూ ఈ ప్రశ్నకి ఆవిడ తల వంచుకుని నన్ను చూపించేది. మొగుడి పేరు పలకకూడదు కదా. ఈసారి తల వంచలేదు.

"వీరవేణి, రాసుకోండి బాబూ."

"నీ పేరు కాదమ్మా, సరంగు పేరు."

"సరంగు పేరే చెప్పానండి."

జాతర పడవలోంచి అచ్చాయమ్మ అనే ముసలామె లేచి నిలబడింది. "రాసుకోవయ్యా! మా ప్రాణాలు నిలబెట్టిన పేరు రాయడానికి నీ చెయ్యేమన్నా అరిగిపోద్దా?"

గుమస్తా రాజు గారివైపు చూశాడు. రాజు గారు బస్తా మీద నుంచి దిగి, చెమట తుడుచుకుని, "నాకు పడవ కావాలయ్యా, మీసం కాదు. ఆవిడ పేరే రాయి" అన్నారు. అప్పుడు నేను కూడా ఛాతీ విరిచి, "అవునండి, మా ఆవిడే సరంగు" అన్నాను.

అదండీ సంగతి. ఆ నలభై ఏళ్ళు నా పడవ ఎవరికీ తగల్లేదన్నది నిజమే. ఆ నలభై ఏళ్ళూ నేను వంట చేశాను మరి. పులుసులో ఉప్పెక్కువైతే, "దిక్కులు చూస్తూ వండావేంటయ్యా?" అనేది సరంగు. నేను తల వంచుకునేవాణ్ణి.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. లాకు దగ్గర ఛాతీ విరిచి "మా ఆవిడే సరంగు" అన్నానే, అది. నేనేమీ అనలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. గుమస్తా నావైపు చూడకుండానే పేరు రాసేశాడు.