అన్నం గిన్నె కింద ఆకాశం

నేను ఒక డబ్బాను. పప్పులు పోసుకునే డబ్బా అనుకునేరు, కాదు. చేపల వేట బోటు కేబిన్ మీద బిగించే తెల్ల డబ్బాను. బోటు ఎక్కడుందో పైనున్న ఉపగ్రహానికి చెబుతుండటం నా ఉద్యోగం. నిషేధం రోజుల్లో వేటకెళ్ళినా, సరిహద్దు దాటినా ఒడ్డున ఆఫీసులో తెలిసిపోతుంది. ఆపదొస్తే నొక్కడానికి ఎర్ర మీట కూడా ఉంది. ఇంత గొప్పదాన్ని పట్టుకుని మనుషులు ఏం చేశారో వినండి.

ఎక్కడో పెద్ద ఊళ్ళో, చేతులకు తొడుగులేసుకున్న అమ్మాయిలు నన్ను పసిబిడ్డలా తయారు చేశారు. అక్కడి నుంచి విశాఖ హార్బరుకొచ్చి ఎర్రయ్య చేతిలో పడ్డాను. ఎర్రయ్య బోటు నడిపే సరంగు. నన్ను బిగించిన కుర్రాడు వెళ్ళిపోగానే, ఇంటికొచ్చిన కొత్త కోడల్ని అత్తగారు చూసినట్టు ఎగాదిగా చూశాడు.

"ఇది మా రాళ్ళ సంగతి ఊరంతా సాటేస్తాదిరా పెంటయ్యా" అన్నాడు.

పెంటయ్య బోటులో వంట మనిషి. "ఏ రాళ్ళు బాబూ?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

రాళ్ళంటే నీళ్ళ అడుగున ఉన్న బండలు. చేపలకు అదే కాపురం. సముద్రంలోంచి చూస్తే యారాడ కొండ కొనా, వెనకున్న మరో కొండ భుజమూ ఒక వరసలోకొచ్చే చోట ఉంటాయవి. ఎర్రయ్య మామ గున్నయ్య పోయే ముందు అల్లుడి చెవిలో ఆ గుర్తు చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడట. ఎర్రయ్య ఆ ఒట్టును ప్రాణంలా కాపాడుకున్నాడు. అటు వెళ్ళేటప్పుడు దూరాన ఇంకో బోటు నీడ కనబడితే చాలు, గమ్మున దారి మళ్ళించి ఉత్త నీళ్ళలో గేలాలేసుకుని కూర్చునేవాడు. అలా ఎన్ని మంచి వేటలు పోగొట్టుకున్నాడో!

ఇక ఆయన తోడల్లుడు కామరాజు. మామ రెండో అల్లుడు, వేరే బోటు సరంగు. వాణ్ణి తలుచుకుంటే ఎర్రయ్యకు జాలి. "పాపం, మావ ఆడికేటీ సెప్పనేదు" అనుకుని పండగ పండక్కీ పెద్ద వంజరం చేప పంపేవాడు. కామరాజు కూడా ఊరుకోకుండా అంత చేపా తిరిగి పంపేవాడు. వీడికింత చేప ఎక్కడ దొరికిందబ్బా అని ఎర్రయ్యకు ఒక్కనాడూ తట్టలేదు.

సరే, నా నోరు మూయించే పని మొదలైంది. ముందు నా మీద తువ్వాలు కప్పాడు. ఫోనులో బోటు గుర్తు చూసుకుంటే నేను చక్కగా పలుకుతూనే ఉన్నాను. తర్వాత చెక్క పెట్టాడు. అయినా పలికాను. చివరికి పెంటయ్య కడిగి పెట్టుకున్న పెద్ద అల్యూమినియం అన్నం గిన్నె తెచ్చి నా నెత్తిన బోర్లించి తాడుతో బిగించాడు. అంతే, నాకు ఆకాశం పోయింది. ఎర్రయ్య తొడ చరుచుకుని నవ్వాడు. సిగ్గు లేకపోతే సరి!

ఇంకో గిన్నె కొనుక్కోవచ్చుగా అంటారా? ఎందుకని పెళ్ళాం అడుగుతుంది. ఆవిడకు చెబితే చెల్లెలికి చెబుతుంది, చెల్లెలు కామరాజు పెళ్ళాం. అందుకని ఉన్న ఒక్క గిన్నే నాకూ అన్నానికీ. అన్నం వండేటప్పుడు నాకు ఊపిరి, వండాక చెర. రాళ్ళ దగ్గర మాత్రం పొయ్యి వెలిగించడానికి వీల్లేదు, అందరికీ చద్దన్నమే. ఆఫీసువాళ్ళు ఫోను చేసి "మీ బోటు పూటకోసారి కనబడి మాయమవుతోందేమిటయ్యా?" అని అడిగితే, "అంతా అమ్మోరి లీల బాబూ" అనేవాడు భక్తిగా.

ఒకరోజు రాళ్ళ మీద వేట జోరుగా సాగుతోంది. దూరాన ఒక బోటు తొంగి చూసి, ఎందుకో పక్కకు తిరిగిపోయింది. "పీడ విరగడైంది" అన్నాడు ఎర్రయ్య. కాసేపటికే ఇంజను గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గి ఆగిపోయింది. బోటు అడుగున ఫ్యాను తిప్పే షాఫ్టు విరిగి, ఆ సందులోంచి నీళ్ళు లోపలికి ఎగదన్నాయి. ఇంజను లేందే పంపు నడవదు. గాలి కూడా ముదిరింది. నలుగురు కళాసీలు బకెట్లతో తోడుతున్నా నీళ్ళు మోకాళ్ళు దాటాయి.

"సరంగూ, గిన్నె తీసి ఆ ఎర్ర మీట నొక్కు!" అని అరిచాడు పెంటయ్య.

"ఇక్కడొద్దురా. కొంచెం దూరం కొట్టుకుపోనీ" అంటూ ఎర్రయ్య వచ్చి నా మీదున్న గిన్నె మీద కూర్చున్నాడు. నిజం! బోటు మునుగుతుంటే మనిషి గిన్నె మీద కూర్చున్నాడు.

"రాళ్ళుంటాయి, మనముండం! నాకు ముగ్గురు ఆడపిల్లలు సరంగూ!" పెంటయ్య గిన్నె అంచు పట్టుకుని లాగాడు. "పోనీ నొక్కొద్దు, తోడుకోడానికైనా ఆ గిన్నె ఇయ్యి!"

ఎర్రయ్య వాడి ముఖం చూశాడట. ఆ చూపులో ఏముందో గిన్నె కిందున్న నాకు తెలీదు. తాడు విప్పిన చప్పుడు వినబడింది, ఒక్కసారిగా వెలుగొచ్చింది. గిన్నెను పెంటయ్య చేతిలో పెట్టి, "మావా, ఒట్టు తప్పుతున్నాను" అని ఏడుస్తూ నా మీట నొక్కాడు. నేను నా బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

ఆఫీసు చూసింది. దగ్గర్లో ఏ బోటుందా అని వెతికితే, అప్పటిదాకా మాయమై అప్పుడే కనబడ్డ గుర్తు ఒకటుంది. దానికి కబురు పంపింది. గిన్నె నీళ్ళు తోడుతుండగానే ఆ బోటు వచ్చి తాడు విసిరింది. ఇందాక పక్కకు తిరిగిపోయిన బోటే! దాని సరంగు కామరాజు.

అందరూ ఆ బోటెక్కాక ఎర్రయ్య కళ్ళు పొయ్యి మీదికి పోయాయి. అక్కడ అన్నం కుతకుత ఉడుకుతోంది. గిన్నె చెవికి తాడు ముక్క వేలాడుతోంది. కేబిన్ మీద నాలాంటి డబ్బా, పక్కన తెగిన తాడు.

"ఒరే కామరాజూ, ఈ పక్కకెందుకొచ్చినావురా?"

కామరాజు తల గోక్కున్నాడు. "రాళ్ళకాడికి వొచ్చినానన్నా. ఎవుడో ముందే ఉన్నాడని పక్కకెళ్ళి అన్నం పెట్టించినాను. మావ నా సెవిలో సెప్పి ఒట్టేయించుకున్నాడు. నీకు సెప్పనేదని తెగ బాధపడేవోణ్ణి. అందుకే సేపలు పంపేవోణ్ణి."

ఎర్రయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి తోడల్లుణ్ణి కావలించుకుని ఏడ్చేశాడు. "ఓరి మావో! ఇద్దరికీ ముద్దుల అల్లుడివి నువ్వేనని సెప్పి పోయినావేటి!"

బోటును ఒడ్డుకు లాక్కొచ్చి బాగుచేశారు. ఇప్పుడు ఇద్దరూ కలిసే రాళ్ళకు వెళుతున్నారు, అక్కడే పొయ్యి వెలిగించి వేడన్నం తింటున్నారు. గిన్నె పూర్తిగా పెంటయ్యదైంది. రాళ్ళు దగ్గరపడగానే ఎర్రయ్య మాత్రం భుజం మీది తువ్వాలు తీసి నా మీద శ్రద్ధగా కప్పుతాడు. తువ్వాలు నన్ను ఆపలేదని ఆయనకు మొదటిరోజే తెలుసు. ఆ తువ్వాలు మామ ఒట్టు కోసం, ఉపగ్రహాన్ని ఆపడానికి కాదు కదా, నేనూ ఆ గుడ్డ కింద బుద్ధిగా కూర్చుని నా పని నేను చేసుకుంటున్నాను.