సాయంత్రం పిలుపులో కొత్త గొంతు

నేను ఒక రేడియోని. అనగానే మీకు పాటలూ, వార్తలూ, పాడిపంటల కార్యక్రమాలూ గుర్తొస్తాయి. అవి వినిపించే రేడియోలు మా దాయాదులు. వాటిది ఏకపక్ష వ్యవహారం, అవి చెబుతుంటే మీరు వినాలి, అంతే. నా దగ్గర అలా కాదు. నా మైకు బొత్తం నొక్కి మాట్లాడితే ఆ మాట సముద్రం దాటి పోతుంది. బొత్తం వదిలితే అవతలి మనిషి మాట ఇవతలికి వస్తుంది. నాలాంటివాటిని వాడేవాళ్ళను హామ్‌లు అంటారు. వాళ్ళకు ఇందులో జీతం లేదు, బేరం లేదు. సరదా కొద్దీ పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ముఖం ఎరగని మనుషులతో కబుర్లాడుకుంటారు. పక్కింటివాడితో ఏళ్ళ తరబడి మాటల్లేని మనిషి నా ముందు కూర్చున్నాడంటే, ఎక్కడో దీవుల్లో ఉన్నవాడి మోకాళ్ళ నొప్పి గురించి ఎంతో ఆదుర్దాగా అడుగుతాడు. మనుషుల్లో నాకు మొదటినుంచీ అంతుపట్టనిది ఇదే.

జపాన్‌లో పుట్టాను. తెల్లటోపీల ఆడవాళ్ళు వరసగా కూర్చుని నా తీగలు అతికారు. ఆ తర్వాత ఒక సరుకు ఓడలో రేడియో ఆఫీసరు నన్ను కొనుక్కుని తన మంచం పక్కన పెట్టుకున్నాడు. బాగా చూసుకునేవాడు. పెళ్ళి కుదిరేసరికి సముద్రం మీద మనసు విరిగింది. కాకినాడ రేవులో దిగినప్పుడు నన్ను చెల్లూరి పురుషోత్తం గారి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

పురుషోత్తం గారు ఆ రేవులోనే ఇంజనీరు. ఆయనకు తెరచాప పడవల పిచ్చి. తాళ్ళరేవు వడ్రంగుల చేత ఒక చిన్న పడవ కట్టించుకున్నారు. చేపలు పట్టడానికి కాదు, సరుకు మొయ్యడానికి కాదు, ఊరికే గాలి ఎటు తీసుకెళితే అటు తిరగడానికి. "చేపలకి కాకపోతే మరెందుకండీ బాబూ?" అని ఆ వడ్రంగుల పెద్ద అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారట. మొదట్లో నేనూ ఆ పడవలోనే ఉండేవాణ్ణి. తెరచాప కొయ్యకు కట్టిన తీగే నా చెవీ, నోరూ. ఉప్పుగాలికి నా స్క్రూలు పచ్చబడ్డాయి, ఒక బొత్తం బిగుసుకుపోయింది. ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది ఆయన పడవకు కొత్త సెట్టు కొని, నన్ను రామారావుపేటలోని ఇంటికి తెచ్చారు. హాల్లో ఓ మూల బల్ల మీద కూర్చోబెట్టి, డాబా మీద వాటర్ ట్యాంకు నుంచి కొబ్బరిచెట్టు దాకా నాకో తీగ లాగారు. అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. సముద్రం చూసిన కళ్ళకు టీవీ స్టాండూ, చెప్పుల అలమరా చూపించారని.

ఆ ఇంట్లో నాకు తోడు కనకరత్నం గారు. ఆయన భార్య. ఆయన ఆవిణ్ణి పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "ఏమే", "ఇదిగో", "ఎక్కడున్నావ్" అన్నవే ఆవిడ పేర్లు. ఆయన పడవ మీద వెళ్ళినప్పుడల్లా ఆవిడ సాయంత్రం దీపం పెట్టి, నా ముందు కుర్చీ లాక్కుని, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చునేవారు. ఆ వేళకు పడవల మీద ఉన్న హామ్‌లూ, ఒడ్డున ఉన్న హామ్‌లూ ఒకచోట చేరతారు. దాన్ని సాయంత్రం పిలుపు అనేవాళ్ళు. మచిలీపట్నం నుంచి జలాల్ మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచేవారు. పడవలవాళ్ళు తాము ఎక్కడున్నదీ, గాలి ఎలా ఉన్నదీ చెప్పేవాళ్ళు. పలకని పడవ ఉంటే అందరికీ గుబులే. పురుషోత్తం గారి గొంతు వినబడగానే ఆవిడ చేతిలో పని ఆగిపోయేది. ఆయన మాట సన్నగిల్లితే నా గుండ్రటి మీట తిప్పి మళ్ళీ దొరకబుచ్చుకోవడం ఆవిడకు ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

వినడమే తప్ప మాట్లాడటానికి లేదు. "ఒకసారి నన్నూ మాట్లాడనివ్వకూడదా?" అని ఆవిడ ఓసారి అడిగారు.

"లైసెన్సు లేకుండా బొత్తం ముట్టుకున్నావంటే నేరం. వచ్చాక నేర్పుతాలే," అన్నారాయన, పడవ సామాను సర్దుకుంటూ.

వచ్చారు, వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. నేర్పడం మాత్రం కుదరలేదు. ఫిజీ మనిషికి ఏరియల్ తీగ ఎలా కట్టుకోవాలో మూడు సాయంత్రాలు విడమరిచి చెప్పిన మనిషికి, వంటింటి దాకా నడిచి ఆ నాలుగు ముక్కలూ చెప్పే తీరిక దొరకలేదు.

చివరికి ఆవిడే నేర్చుకున్నారు. చెల్లెలింటికని చెప్పి విశాఖపట్నం వెళ్ళి పరీక్ష రాసొచ్చారు. లైసెన్సు కూడా ఆయన ఊళ్ళో లేనప్పుడే వచ్చింది. దాచిపెట్టి మోసం చెయ్యాలని కాదు. ఈసారి ఆయన అండమాన్ దాకా పెద్ద ప్రయాణం పెట్టుకున్నారు. నడిసముద్రంలో ఉండగా పలకరించి ఆశ్చర్యపరచాలని ఆవిడ ముచ్చట. ఆ రోజు సాయంత్రం ఆవిడ తలదువ్వుకుని, పూలు పెట్టుకుని మరీ నా ముందు కూర్చున్నారు. రేడియోలో పూలు కనబడవని చెప్పే నోరు నాకు లేదు.

జలాల్ మాస్టారు కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా అని అడగగానే ఆవిడ బొత్తం నొక్కి, లైసెన్సుతో పాటు ఇచ్చిన తన సంకేతాక్షరాలు చెప్పారు. మాస్టారు సంతోషించారు. అంతలో పడవ మీద నుంచి ఆయనే అందుకున్నారు.

"స్వాగతమండీ, మేడమ్ గారూ. మీ గొంతు ఎంత స్పష్టంగా వస్తోందో. ఏ ఊరండీ తమరిది? పేరు ఏమని పిలవమంటారు? ఓవర్."

ఓవర్ అంటే నా మాట అయింది, ఇక మీ వంతు అని. నా గుండా వెళ్ళిన గొంతు కొంచెం సన్నబడుతుంది, ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది, నిజమే. అయినా అంత సన్నబడదు. ముక్కూ మొహం తెలియని హామ్‌ను దగ్గును బట్టి పోల్చుకోగలిగిన మనిషి ఆయన. కనకరత్నం గారు బొత్తం మీద వేలు పెట్టారు. నేనండీ అనడానికి నోరు తెరిచారు కూడా. కాని మేడమ్ గారూ అన్న ఆ పిలుపు ఇంకా గదిలోనే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ గొంతు బాగుందని ఆయన అనడం అదే మొదలు.

"కాకినాడేనండీ. రత్నం అంటారండీ. ఓవర్," అన్నారు.

"ఆయ్, మా ఊరే! చాలా సంతోషమండీ."

అలా మొదలైంది. ఆవిడ మర్నాడు చెప్పేద్దామనుకున్నారు. మర్నాడు ఆయన మరీ మర్యాదగా మాట్లాడారు. ఆ పై సాయంత్రం ముందటి రాత్రి గాలివాన గురించి చెప్పారు. తెరచాప చిరిగిందనీ, భయమేసిందనీ అన్నారు. భయం అనే మాట ఆయన నోట రాగా నేను పడవలో ఉన్న రోజుల్లో కూడా వినలేదు.

"ఇంట్లో చెప్పరాండీ ఇలాంటివి? ఓవర్," అని అడిగారు రత్నం గారు.

"అబ్బే, చెబితే కంగారు పడుతుందండీ. అయినా మా ఆవిడకి వీటి మీద ఆసక్తి లేదు. మీలాగా వినే మనిషి కాదు. ఓవర్."

ఆవిడ చాలాసేపు నా లోపల వెలిగే చిన్న దీపాన్ని చూస్తూ కూర్చున్నారు. నాకంటూ ఒక్క మాట పుట్టించుకునే శక్తి ఉంటే ఆ క్షణంలో పుట్టించేవాణ్ణి. నాది ఒకరి మాట మరొకరికి మోసే బతుకు. ఎవరూ అనని మాటను నేను ఎక్కణ్ణుంచి తెస్తాను?

మీరు ఎప్పుడైనా పడవెక్కారాండీ అని ఆయన ఒకరోజు అడిగారు. "లేదండీ. ఎక్కాలని ఉండేది. మా ఇంటాయన ఎప్పుడూ రమ్మనలేదండీ," అన్నారీవిడ.

"అదేం మనిషండీ బాబూ! ఉంటారండీ అలాంటివాళ్ళు. నేనొచ్చాక మిమ్మల్నీ ఆయన్నీ కూడా ఉప్పాడ దాకా తిప్పుకొస్తాను. నా మాటగా చెప్పండాయనకి. ఓవర్."

ఆవిడ చీరచెంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. నవ్వుతుంటే కళ్ళు తిరుగుతాయేమోనని నా బల్ల అంచు పట్టుకున్నారు. ఆ తర్వాత ఏడ్చారు. ఎందుకు చెప్పలేదు అని మీరు అడుగుతారు. నేనూ ఎన్నో రోజులు నన్ను నేనే అడిగాను. చెబితే ఈ పెద్దమనిషి మాయమై, ఆ పాత మనిషి మిగులుతాడని ఆవిడ భయం. అది ఉత్త భయమని నేను ఒట్టేసి చెప్పలేను.

తిరుగు ప్రయాణంలో, కాకినాడ దగ్గరపడుతుండగా ఆయన ఒక సాయం అడిగారు. హామ్‌లు ఇళ్ళ కబుర్లు మొయ్యకూడదని నిబంధన ఉంది. ఫలానావేళకు వస్తున్నానని చెప్పడం వరకు అందరూ చూసీచూడనట్టు ఊరుకుంటారు.

"రత్నం గారూ, మా ఇంటికొక ఫోన్ చేసి, ఎల్లుండి పొద్దుటికల్లా వచ్చేస్తానని చెబుతారా? నెంబరు రాసుకోండి. ఓవర్."

ఆవిడ పెన్సిలు తీసుకుని పేపరు అంచున తన ఇంటి నెంబరు తానే రాసుకున్నారు. పద్ధతి ప్రకారం తప్పుల్లేకుండా తిరిగి చదివి వినిపించారు కూడా.

"వారికేం చెప్పమంటారండీ? ఓవర్."

"వేణ్ణీళ్ళు కాచి ఉంచమనండి. పప్పుచారు పెట్టమనండి. తాళాలు ఎక్కడ పెట్టానో మర్చిపోయాను, వెతికి ఉంచమనండి. ఓవర్."

"ఇంకేమన్నా చెప్పమంటారాండీ? ఓవర్."

అవతల కాసేపు గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆ కాసేపట్లో ఆవిడ కుర్చీ అంచుకు జరిగి, చెవి నాకు ఆనించినంత దగ్గరగా వంగారు.

"ఇంకేముంటాయండీ. అంతే. ఓవర్."

ఆవిడ బొత్తం నొక్కి పట్టుకున్నారు. మాట్లాడకుండా అలా నొక్కి పట్టుకుంటే మిగతా అందరికీ దారి మూసుకుపోతుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. చివరికి, "తప్పకుండా చెబుతానండీ," అన్నారు.

ఆయన వచ్చారు. వేణ్ణీళ్ళు సిద్ధంగా ఉన్నాయి, తాళాలూ దొరికాయి. తల తుడుచుకుంటూ, "రత్నం గారని ఒకావిడ ఫోన్ చేశారా?" అని అడిగారు.

"చేశారు."

"చాలా మంచి మనిషే. ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలి, ఈ వయసులో పరీక్ష రాసి పాసయ్యారు."

కనకరత్నం గారు గరిటె అందుకున్నారు. పప్పుచారులోకి కాసింత నెయ్యి వేసుకుంటారా అని అడిగారు.

ఆ రోజు సాయంత్రం నుంచి ఆయన నా ముందు చేరారు. రత్నం గారి సంకేతాక్షరాలతో పిలిచారు. ఆగి విన్నారు. మళ్ళీ పిలిచారు. ఆ పిలుపుకు పలకాలంటే ఆ ఊళ్ళో ఆవిడకు ఉన్నది ఒక్క సెట్టే. దాని ముందు ఆయన కూర్చున్నారు. వంటింట్లో ఆవిడ స్టవ్ తగ్గించి, తన పేరు వింటూ నిలబడేవారు. కాఫీ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళేవారు. ఆయన జలాల్ మాస్టార్ని అడిగారు, విశాఖవాళ్ళను అడిగారు. కొత్తవాళ్ళ వివరాలు హామ్‌ల చిరునామా పుస్తకాల్లోకి ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"పడవెక్కిస్తానని మాటిచ్చానే ఆవిడకి," అన్నారొకరోజు, నిజంగానే బెంగగా.

"నేను రానా?" అన్నారావిడ.

"నీకు కడుపులో తిప్పుతుందే," అని మైకు అందుకుని మళ్ళీ పిలిచారు.

ఆ సమయంలో ఆవిడ చెప్పి ఉంటే బాగుండేది. ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే ఇంకా బాగుండేది. నాకు ఇద్దరి మీదా జాలే. కొన్నాళ్ళకు ఆయన పిలవడం మానేశారు. రత్నం గారు కాలం చేసి ఉంటారని సాయంత్రం పిలుపులో అందరికీ చెప్పారు. హామ్‌ల ఆనవాయితీ ప్రకారం అందరూ కాసేపు మౌనం పాటించారు. ఆవిడ గుమ్మంలో నిలబడి తనూ తలవంచుకున్నారు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. ఆయన మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు, పడవ అమ్ముడుపోయింది. పురుషోత్తం గారు పోయారు. కనకరత్నం గారు నా మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పారు, దుమ్ము మాత్రం పట్టనివ్వలేదు. మొన్న తెరచాప పడవల క్లబ్బు నుంచి పద్మజ గారనే కార్యదర్శి వచ్చి, క్లబ్బులో అద్దాల బీరువాలో పెడతామని నన్ను అడిగారు. కనకరత్నం గారు సరేనన్నారు. పద్మజ గారు నా తీగలు విప్పుతూ, మాటవరసకు అడిగారు.

"మీరెప్పుడైనా దీన్లో మాట్లాడారాండీ, అమ్మా?"

"కొన్నాళ్ళు మాట్లాడానమ్మా. ఒకాయన ఉండేవారు, సముద్రం మీద. ఎంత మర్యాదగా మాట్లాడేవారో."

"ఆయన ఎక్కడున్నారండీ ఇప్పుడు?"

ఆవిడ నా మీది గుడ్డ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏమోనమ్మా. ఒడ్డుకొచ్చాక మళ్ళీ వినబడలేదు."